ఈ-రీడర్‌ను కంప్యూటర్‌కు కలపడం, పాడవకుండా విడదీయడం

ఈ-పుస్తకాలు చదివే పరికరమైన ఈ-రీడర్‌కు, వైఫై ఉండగా ఇంకా కేబుల్ ఎందుకని చాలామంది అడుగుతారు. తెలుగు పుస్తకాలు చదివేవాళ్లకు ఆ అవసరం తొందరగానే తెలిసివస్తుంది. మనకు కావలసిన పాత పుస్తకాలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటి చోట్ల స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. పేజీకో ఫొటో కాబట్టి ఒక్కో ఫైలు పదుల ఎంబీలు ఉంటుంది, లావు పుస్తకమైతే వంద దాటుతుంది. అమెజాన్ ఈ-రీడర్ అయిన కిండిల్‌కు మెయిల్‌లో పంపితే 50 ఎంబీ దగ్గర, సెండ్ టు కిండిల్ వెబ్ పేజీలోంచి పంపితే 200 ఎంబీ దగ్గర ఆగిపోతుంది. కేబుల్‌కు ఆ పరిమితి లేదు. సొంత ఫాంట్లు ఎక్కించాలన్నా, హైలైట్లన్నీ ఒక్క ఫైలుగా దాచుకోవాలన్నా కూడా కేబులే దారి.

ఇక్కడ ఒక అపోహ తీరిపోవాలి. 2025 ఫిబ్రవరి 26 నుంచి అమెజాన్ తన సైట్‌లో ‘డౌన్‌లోడ్ అండ్ ట్రాన్స్‌ఫర్ వయా యూఎస్‌బీ’ అనే ఆప్షన్‌ను తీసేసింది. దాంతో కిండిల్‌కు ఇక కేబుల్ పనిచేయదని ప్రచారం జరిగింది. పోయింది ఆ సైట్‌లో కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకునే సౌకర్యం మాత్రమే. మీ దగ్గరున్న ఫైళ్లను కేబుల్‌తో ఎక్కించుకోవడానికి అడ్డేమీ లేదు.

ముందు కేబుల్ సంగతి

రీడర్ చార్జ్ అవుతోంది, కంప్యూటర్‌లో మాత్రం ఏమీ కనిపించడం లేదు. ఇలా జరిగితే డ్రైవర్లు, సెట్టింగులు వెతికేముందు కేబుల్‌ను అనుమానించండి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి: ఎరుపు, నలుపు కరెంటుకు, తెలుపు, ఆకుపచ్చ డేటాకు. ఇయర్‌ఫోన్లకో ట్రిమ్మర్‌కో ఇచ్చే చవక కేబుళ్లలో చాలావాటికి డేటా తీగలే ఉండవు. పైనుంచి చూస్తే తేడా తెలియదు. అదే కేబుల్‌తో మీ ఫోన్‌ను కంప్యూటర్‌కు పెట్టి చూడండి. ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోమని ఫోన్ అడిగితే కేబుల్ మంచిదే. ఫోన్ కూడా చార్జ్ మాత్రమే అయితే ఆ కేబుల్‌ను చార్జింగ్‌కు వదిలేయండి.

ఫోన్‌కు మైక్రో యూఎస్‌బీ కేబుళ్లు వాడటం మానేసి చాలా కాలమైంది కాబట్టి పాత కిండిళ్లు, మరో కంపెనీ ఈ-రీడర్లయిన కోబోలు ఉన్నవాళ్లకు సరైన కేబుల్ దొరకడమే కష్టమైపోయింది. దొరికిన మంచి కేబుల్‌ను రీడర్‌తోపాటే ఉంచుకోవడం మేలు. టైప్-సీ ఉన్న రీడర్ రెండువైపులా టైప్-సీ ఉన్న కేబుల్‌తో పలకకపోతే, ఒకవైపు పాత వెడల్పాటి పిన్ను ఉన్న కేబుల్‌తో ప్రయత్నించండి. ఒక్కోసారి అంతే తేడా.

రీడర్‌ను నేరుగా కంప్యూటర్ పోర్టుకే పెట్టండి. కీబోర్డుకున్న పోర్టులు, విడిగా కరెంటు లేని హబ్‌లు చార్జింగ్ వరకు పనిచేసినా కాపీ మధ్యలో కనెక్షన్ తెగిపోవడానికి కారణమవుతాయి. డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టు వాడండి. ముందువైపు పోర్టులు మదర్‌బోర్డుకు లోపల మరో వైరు ద్వారా కలిసి ఉంటాయి, అది వదులైపోవడం మామూలే.

మీ రీడర్ ఏ పద్ధతిలో కలుస్తోంది?

ఎలా విడదీయాలన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ముందు ఇది తేల్చుకోవాలి. రీడర్లు రెండు రకాలుగా కలుస్తాయి.

మొదటిది పెన్‌డ్రైవ్ పద్ధతి. పాత కిండిళ్లు, కోబోలు ఇలా కలుస్తాయి. విండోస్‌లో ఈ, ఎఫ్ లాంటి డ్రైవ్ అక్షరం వస్తుంది. కిండిల్ అయితే ‘కిండిల్’ అని, కోబో అయితే ‘కోబోఈరీడర్’ అని పేరు కనిపిస్తుంది. కిండిల్ తెర మీద ‘యూఎస్‌బీ డ్రైవ్ మోడ్’ అని వస్తుంది, ఆ సమయంలో దానిలో చదవడం కుదరదు.

రెండోది ఎంటీపీ, అంటే ఆండ్రాయిడ్ ఫోన్లు కలిసే పద్ధతి. 2022లో వచ్చిన కిండిల్ స్క్రైబ్, 2024లో వచ్చిన కిండిళ్లు ఇలా కలుస్తాయి. విండోస్‌లో డ్రైవ్ అక్షరం ఉండదు. ‘దిస్ పీసీ’లో పరికరం బొమ్మ, దాన్ని తెరిస్తే ‘ఇంటర్నల్ స్టోరేజ్’ కనిపిస్తాయి. మోడల్ ఏ ఏడాదిదో గుర్తుపెట్టుకోవడం కంటే అక్షరం వచ్చిందా లేదా అని చూడటం తేలిక.

తేడా ఎక్కడుందంటే, పెన్‌డ్రైవ్ పద్ధతిలో రీడర్ తన నిల్వనంతా కంప్యూటర్ చేతికి అప్పగించేస్తుంది. ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకునే పట్టికను కూడా కంప్యూటరే దిద్దుతుంది. ఒకే పద్దు పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి రాస్తే లెక్క తప్పుతుంది కాబట్టే ఆ కాసేపు రీడర్ పక్కకు తప్పుకుంటుంది. ఎజెక్ట్ అంటే ‘రాయడం అయిపోయింది, ఇక నీది నువ్వు తీసుకో’ అని తిరిగి అప్పగించడం. ఎంటీపీలో పట్టిక ఎప్పుడూ రీడర్ చేతిలోనే ఉంటుంది. కంప్యూటర్ ఫైలు అందిస్తే రీడరే తన చోట పెట్టుకుంటుంది. అందుకే అక్కడ ఎజెక్ట్ బొమ్మ కనిపించకపోయినా కంగారు పడనక్కర్లేదు.

కలపడం

బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటే రీడర్ ముందు చార్జింగ్ మీదే ఉంటుంది, కంప్యూటర్‌కు కనిపించదు. ఒక అరగంట చార్జ్ చేసి మొదలుపెట్టండి. పాస్‌కోడ్ పెట్టుకుని ఉంటే కేబుల్ పెట్టాక కూడా దాన్ని కొట్టి తెర తెరవాలి, అప్పటిదాకా ఫోల్డర్లు కనిపించవు. కోబోలో కేబుల్ పెట్టగానే కంప్యూటర్‌కు కలపాలా అని తెర అడుగుతుంది, ‘కనెక్ట్’ నొక్కాలి. ఇది నొక్కకుండా కంప్యూటర్‌ను తిట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

మ్యాక్‌లో పెన్‌డ్రైవ్ రకం రీడర్ ఫైండర్‌లో మామూలుగానే వస్తుంది. ఎంటీపీ రకం రాదు. మ్యాక్‌కు ఎంటీపీ సొంతంగా తెలియదు కాబట్టి ఈ-పుస్తకాలను సర్దిపెట్టే క్యాలిబర్ అనే ప్రోగ్రామ్ గానీ, ఫైళ్లు పంపే ఓపెన్‌ఎంటీపీ గానీ వేసుకోవాలి. రెండూ ఉచితమే. కాకపోతే ఒక సమయంలో ఒక ప్రోగ్రామే పరికరాన్ని పట్టుకోగలదు. రెండూ తెరిచి ఉంటే ఒకదానికి ‘పరికరం దొరకలేదు’ అని వస్తుంది. విండోస్‌లో మీడియా సాఫ్ట్‌వేర్ లేకుండా వచ్చే ‘ఎన్’ ఎడిషన్ వాడేవాళ్లకూ ఎంటీపీ రాదు. సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్లలోంచి ‘మీడియా ఫీచర్ ప్యాక్’ వేసుకుని రీస్టార్ట్ చేస్తే సరి.

ఏ ఫైలు ఎక్కడ పెట్టాలి

కిండిల్‌లో పుస్తకాలన్నీ ‘డాక్యుమెంట్స్’ ఫోల్డర్‌లోనే పెట్టాలి. ఏజెడ్‌డబ్ల్యూ3, మోబి, పీడీఎఫ్, టెక్స్ట్ ఫైళ్లు పనికొస్తాయి. ఈ-పుస్తకాలు ఎక్కువగా వచ్చే ఈపబ్ రకం ఫైలును నేరుగా కాపీ చేస్తే ఫైలు ఎక్కుతుంది కానీ లైబ్రరీలో కనిపించదు. ఈపబ్‌ను కిండిల్ తీసుకుంటుందని చెప్పేది సెండ్ టు కిండిల్ గురించి. అక్కడ అమెజాన్ సర్వర్ దాన్ని మార్చి పంపుతుంది, కేబుల్‌లో ఆ పని చేసేవాళ్లు లేరు. క్యాలిబర్‌లోంచి ‘సెండ్ టు డివైస్’ నొక్కితే కిండిల్ చదవగల రూపంలోకి అదే మార్చి పెడుతుంది.

కోబో ఈపబ్‌ను నేరుగా తీసుకుంటుంది. డ్రైవ్ తెరవగానే కనిపించే చోటే పెట్టొచ్చు, మీరే ఒక ఫోల్డర్ చేసుకున్నా ఫర్వాలేదు. చుక్కతో మొదలయ్యే ‘.కోబో’ ఫోల్డర్ జోలికి మాత్రం వెళ్లకండి. మీ లైబ్రరీ, చదువుతున్న పేజీలు, గుర్తులు అన్నీ ఉండే ‘కోబోరీడర్’ అనే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు అందులోనే ఉంటుంది. కిండిల్‌లోని ‘సిస్టమ్’ ఫోల్డర్‌ను కూడా అలాగే వదిలేయాలి.

కిండిల్ డాక్యుమెంట్స్‌లో ప్రతి పుస్తకం పక్కన అదే పేరుతో ‘.ఎస్‌డీఆర్’ అని ముగిసే ఫోల్డర్ ఒకటి కనిపిస్తుంది. ఎక్కడిదాకా చదివారు, ఏం గుర్తులు పెట్టారు అన్నది అందులో ఉంటుంది. చెత్త అనుకుని తీసేస్తే పుస్తకం మొదటి పేజీకి వెళ్లిపోతుంది. పుస్తకాన్ని కంప్యూటర్ ద్వారా కిండిల్‌లోంచి తొలగించినప్పుడు మాత్రం దాని ఎస్‌డీఆర్ ఫోల్డర్ మిగిలిపోతుంది, అది తీసేయొచ్చు.

ఫాంట్ల కోసం కిండిల్‌లో ‘ఫాంట్స్’ ఫోల్డర్ ఉంటుంది. కోబోలో లేకపోతే డ్రైవ్ తెరవగానే కనిపించే చోట, మరే ఫోల్డర్ లోపలా కాకుండా, ఆ పేరుతో మీరే చేసుకోవాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి టీటీఎఫ్ ఫైళ్లను అందులో వేయండి. జిప్‌గా దించుకుంటే విప్పి, ఫైళ్లను మాత్రమే పెట్టండి. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తుంటే ఇది పనిచేసే అవకాశం ఉంది. డబ్బాలు కాకుండా వత్తులు విడిపోయి, గుణింతాలు పక్కకు జరిగి కనిపిస్తే అది ఫాంట్ లోపం కాదు, అక్షరాలను పేర్చే సాఫ్ట్‌వేర్ లోపం. ఎన్ని ఫాంట్లు మార్చినా బాగుపడదు. అలాంటి పుస్తకాన్ని కంప్యూటర్‌లో ఆరంగుళాల తెరకు సరిపడా చిన్న పేజీల పీడీఎఫ్‌గా మార్చి ఎక్కించుకుంటే అక్షరం అక్షరంలా కనిపిస్తుంది.

తీసేముందు ఒక ఫైలు

కిండిల్ కలిపిన ప్రతిసారీ డాక్యుమెంట్స్‌లోని ‘మై క్లిప్పింగ్స్’ అనే టెక్స్ట్ ఫైలును కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. హైలైట్ చేసిన వాక్యాలన్నీ పుస్తకం పేరుతో సహా వరసగా అందులో చేరుతుంటాయి. కోబో అయితే ఇందాక చెప్పిన డేటాబేస్ ఫైలును. మార్చకండి, కాపీ మాత్రమే. కోబో ఎప్పుడైనా మొరాయిస్తే ఆ కాపీయే ఆధారం.

విడదీయడం: విండోస్‌లో

కాపీ బార్ నిండిపోయిందంటే పని అయిపోయినట్టే అని అనుకుంటాం. అన్నిసార్లూ అలా కాదు. ఫైలును కంప్యూటర్ తన మెమరీలో పెట్టుకుని, తీరిక చూసుకుని రీడర్‌లోకి రాసే పద్ధతి ఒకటుంది. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి దీన్ని మార్చి, తీసేయగల డ్రైవ్‌లన్నింటికీ ‘క్విక్ రిమూవల్’ను మామూలు సెట్టింగ్ చేశారు. అంటే విండోస్ వెంటనే రాసేస్తుంది. దీన్ని చూసే ‘ఇక ఎజెక్ట్ అక్కర్లేదు’ అని కొందరు తేల్చేస్తారు. పెన్‌డ్రైవ్‌కు అది చాలావరకు సరిపోవచ్చు. ఈ-రీడర్‌కు ఆ సలహా పనికిరాదు. వెనక క్యాలిబరో యాంటీవైరసో ఇంకా రాస్తూ ఉండొచ్చు. పైగా అప్పగింత జరగందే, తిరిగి తీసుకున్న నిల్వ సరిగా ఉందో లేదో రీడర్‌కు తెలియదు.

గడియారం పక్కన పైకి చూసే చిన్న బాణం నొక్కితే యూఎస్‌బీ బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కి మీ రీడర్ పేరు ఎంచుకోండి. లేదంటే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఎజెక్ట్’. ‘సేఫ్ టు రిమూవ్ హార్డ్‌వేర్’ అని వచ్చి, రీడర్ తన మామూలు తెరకు తిరిగి వచ్చాకే కేబుల్ తీయండి. కంప్యూటర్ మాట కంటే రీడర్ తెర మాట నమ్మదగ్గది.

‘ఈ పరికరం వాడుకలో ఉంది’ అని విండోస్ ఒప్పుకోకపోతే, రీడర్‌లోని ఫోల్డర్ ఏదైనా తెరిచి ఉందేమో చూసి మూసేయండి. రీడర్‌లోని పీడీఎఫ్‌ను నేరుగా తెరిచి చూస్తుంటే ఆ కిటికీ కూడా మూయాలి. క్యాలిబర్ ఉంటే కుడివైపు కింద మూలన ‘జాబ్స్’ పక్క అంకె సున్నా అయ్యేదాకా ఆగి, ‘డివైస్’ బటన్ పక్క బాణంలోంచి ఎజెక్ట్ చేయండి. క్యాలిబర్ రీడర్‌లో తన సమాచార ఫైళ్లు కొన్ని రాస్తుంది కాబట్టి, అది నడుస్తుండగా విండోస్ నుంచి ఎజెక్ట్ చేయడం కంటే దాని లోంచే చేయడం మంచిది.

అయినా వినకపోతే ఎవరు పట్టుకున్నారో విండోస్‌నే అడగొచ్చు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌కు వెళ్లి, సోర్స్ ‘కెర్నల్-పీఎన్‌పీ’, నంబర్ 225 ఉన్న చివరి వరస చూడండి. ఫలానా ప్రోగ్రామ్ ఎజెక్ట్‌ను ఆపిందని పేరుతో సహా రాసి ఉంటుంది. అది యాంటీవైరస్ అయితే స్కాన్ ముగిసేదాకా ఆగండి. ఏదీ తేలకపోతే కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, పూర్తిగా ఆగాక కేబుల్ తీయండి. స్లీప్‌లో పెట్టి తీయడం మాత్రం కేబుల్ లాగేసినట్టే లెక్క. అదే కారణంతో, పెద్ద కాపీ నడుస్తుండగా ల్యాప్‌టాప్ మూత మూయకూడదు.

మ్యాక్, లైనక్స్

మ్యాక్‌లో ఫైండర్ పక్క వరసలో రీడర్ పేరు పక్కనున్న ఎజెక్ట్ గుర్తు నొక్కితే చాలు, కమాండ్‌తో ఈ నొక్కినా అంతే. అంతకంటే ముఖ్యమైనది, తరచూ మరచిపోయేది ట్రాష్. రీడర్‌లోంచి తొలగించిన పుస్తకాలు కనబడని ట్రాష్ ఫోల్డర్ రూపంలో రీడర్ లోపలే ఉండిపోతాయి. పది పుస్తకాలు తీసేసినా ఖాళీ పెరగలేదంటే కారణం ఇదే. ఎజెక్ట్ చేసేముందు ట్రాష్ ఖాళీ చేయండి. లైనక్స్ డెస్క్‌టాప్‌లలోనూ ఇదే తంతు. విండోస్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం: రీడర్‌లోంచి డిలీట్ చేసింది రీసైకిల్ బిన్‌కు వెళ్లదు, శాశ్వతంగా పోతుంది.

లైనక్స్‌లో తొందరపాటు బాగా చేటు చేస్తుంది. పెద్ద పీడీఎఫ్ కాపీ చేస్తే బార్ క్షణంలో నిండుతుంది, నిజంగా రాయడం ఇంకా నడుస్తూనే ఉంటుంది. టెర్మినల్‌లో ‘సింక్’ (sync) అని కొట్టి, అది తిరిగి ప్రాంప్ట్ ఇచ్చేదాకా ఆగండి. తర్వాత ‘అన్‌మౌంట్’ కాకుండా ‘ఎజెక్ట్’ ఎంచుకోండి. అన్‌మౌంట్ చేస్తే కంప్యూటర్ వైపు పని అయిపోతుంది కానీ రీడర్‌కు కబురు అందదు, తెర మీద ‘కనెక్టెడ్’ అనే ఉండిపోతుంది.

ఎంటీపీ రకానికి ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటే నియమం. కాపీ కిటికీ మూసుకునేదాకా ఆగి, క్యాలిబరో ఓపెన్‌ఎంటీపీయో తెరిచి ఉంటే మూసి, కేబుల్ తీయండి. కాపీ మధ్యలో తీస్తే ఆ ఒక్క ఫైలు సగంలో ఆగుతుంది, దాన్ని తీసేసి మళ్లీ పెట్టుకుంటే సరిపోతుంది.

ఎజెక్ట్ చేశాక కేబుల్ తీయాల్సిన పని లేదు. పెన్‌డ్రైవ్ రకం కిండిల్ ఆ స్థితిలో చార్జ్ అవుతూనే ఉంటుంది, చదువుకోవచ్చు కూడా. మళ్లీ ఫైళ్లు చూడాలంటే కేబుల్ ఒకసారి తీసి పెట్టాలి. కోబో మాత్రం ఎజెక్ట్ అయ్యాక కొత్త పుస్తకాలను తన లెక్కలోకి ఎక్కించుకుంటుంది. వందల పుస్తకాలు ఒకేసారి వేస్తే నిమిషాలు పడుతుంది. అది ముగిసేదాకా మళ్లీ కలపకండి, ఆఫ్ చేయకండి.

లాగేశాక

ఒక్కోసారి కేబుల్ దానంతట అదే ఊడుతుంది, లేదా పిల్లలు లాగేస్తారు. చాలాసార్లు ఏమీ కాదు. అయితే కాపీ చేస్తున్న పుస్తకం తెరుచుకోకపోవచ్చు. దాన్ని తొలగించి మళ్లీ కాపీ చేయండి.

తర్వాత కలిపినప్పుడు విండోస్ ‘ఈ డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయండి’ అని అడగొచ్చు. డ్రైవ్‌ను సరిగా మూయలేదని పట్టికలో ఒక గుర్తు మిగిలిపోతుంది, దాన్ని చూసి అడిగే ప్రశ్న అది. వెంటనే సరే అనకండి. ముందు రీడర్‌లోని పుస్తకాలు, మై క్లిప్పింగ్స్, కోబో అయితే దాగి ఉన్న ఫోల్డర్‌తో సహా అంతా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని, అప్పుడు స్కాన్ చేయించండి. స్కాన్ తర్వాత ‘ఫౌండ్.000’ అనే ఫోల్డర్ వస్తే అందులో ఉన్నవి దారి తప్పిన ఫైళ్ల ముక్కలు. పుస్తకాలన్నీ సరిగా ఉంటే దాన్ని తీసేయొచ్చు.

‘వాడేముందు ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి’ అని వస్తే ‘క్యాన్సిల్’ నొక్కడమే సరైన జవాబు. కేబుల్, పోర్టు మార్చి మళ్లీ చూడండి. తెర యూఎస్‌బీ బొమ్మ దగ్గరే బిగుసుకుపోతే కేబుల్ తీసి, కిండిల్ పవర్ బటన్‌ను 40 సెకన్లు నొక్కి పట్టుకోండి. రీస్టార్ట్ అవుతుంది, పుస్తకాలు పోవు.

కిండిల్‌కు ఒకేసారి చాలా పుస్తకాలు ఎక్కించిన రోజు బ్యాటరీ గబగబా తరిగిపోతే భయపడకండి. వెతుకులాట కోసం అది ప్రతి పుస్తకంలోని మాటలకు సూచిక తయారు చేసుకుంటోంది. ఆ రాత్రికి చార్జింగ్‌లో ఉంచండి. రెండు మూడు రోజులైనా తగ్గకపోతే పాడైన ఫైలు ఒకటి దానికి అడ్డుపడుతున్నట్టే. చివరగా ఎక్కించిన వాటిని సగం సగం తీసి చూస్తూ వెళ్తే అది దొరుకుతుంది. సగంలో తెగిన పీడీఎఫ్‌ల వైపు ముందు చూడండి: కంప్యూటర్‌లోని అసలు ఫైలు కంటే రీడర్‌లోని ఫైలు సైజు తక్కువ ఉంటే అదే.